తీరిక దినములలో కొయ్యపని

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయోత్సవములందు గ్రంథములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయము కొయ్యపని. అదియు కులవృత్తిగా చేయు వడ్రంగము కాదు. కూటికొఱకు వేఱొక ఉద్యోగము చేసికొనుచు, సెలవు దినములందు మాత్రము ఉలియు ఱంపమును చేతబట్టు వారి కొయ్యపని. పుస్తకమునకును కొయ్యకును సంబంధమేమని కొందఱికి సందేహము తోచవచ్చును. పుస్తకములుండు బీరువా కొయ్యదే, పాఠకులు కూర్చుండు బల్లయు కొయ్యదే యనుట పైపై సమాధానము. అంతకంటె లోతైన సమాధానము ప్రసంగము ముగియునప్పటికి తేలగలదు.

అమరసింహుడు తన నిఘంటువున వడ్రంగికి ఐదు పేర్లు చెప్పినాడు. అందు త్వష్ట యనునది యొకటి. వేదములందు ఆ మాటయే రూపములను కల్పించు దేవతకు పేరు. ఇంద్రునకు వజ్రాయుధమును చేసి యిచ్చిన శిల్పి యాతడే. ఇట్లు దేవతా నామము నిచ్చియు, ఆ పేర్లను అమరుడు చేర్చినది శూద్రవర్గమునందు. పని దొడ్డది, పనివాడు మాత్రము తక్కువవాడు అను విపరీత భావము మన సంఘమున ఎంత పాతదో యీ నిఘంటువే చాటుచున్నది. అక్షరములు వచ్చినవాని చేతికి ఉలి తగదనియు, ఉలి పట్టినవానికి అక్షరములతో పని లేదనియు తలంచుట ఆ భావమునకు ఫలమే. చదువునకును చేతిపనికిని నడుమ లేచిన ఈ గోడను, తెలిసియో తెలియకయో, తమ యింటి ముంగిట పడగొట్టుకొన్నవారు లోకమున లక్షలకొలది కలరు. వారి దినచర్య వినదగినది.

ఇట్టి తీరిక వడ్రంగులు అమెరికా దేశమున హెచ్చు. దానికి మొదటి కారణము వారికి వారమునకు రెండు దినముల సెలవు లభించుట. కర్షకునకు శనివారమనియు ఆదివారమనియు భేదము లేదు. వాన కురిసిన మఱునాడే అరక కట్టవలెను. ఆ దేశపు కర్మాగారములందు పని చేయువారికిని పూర్వము వారమునకు ఆఱు దినములు పని యుండెడిది. పని గంటలు తగ్గింపుమని కార్మిక సంఘములు దశాబ్దముల తరబడి పోరాడెను. 1926లో హెన్రీ ఫోర్డు తన మోటారు కర్మాగారములందు ఐదు దినముల వారమును అమలుపఱచెను. 1938లో చేయబడిన కార్మిక చట్టము క్రమముగా 1940 నాటికి వారపు పనిని 40 గంటలకు దించి, అంతకు మించి పని చేయించినచో ఒకటిన్నర రెట్లు కూలి యీయవలెనని విధించెను. కావున శని ఆదివారములలో ఒక గుమాస్తా తన యింట పీట చెక్కుకొనుచున్నాడనగా, ఆ తీరిక ఎవరో దయదలచి యిచ్చిన వరము కాదు. ముందు తరములవారు పోరాడి సంపాదించిన ఆస్తి.

రెండవ కారణము పనిముట్లు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము యువకులు తిరిగివచ్చి కొత్త ఇండ్లు కట్టుకొనిరి. ఆ యిండ్లకు మోటారుబండి నిలుపు కొట్టు ఒకటి చేరియుండెడిది. ఇంటి విద్యుత్తుతో నడచు చిన్న యంత్రములు చౌకగా దొరకజొచ్చెను. ఱంపము, తరిమెన, బరమా మొదలగు ఐదు పనులను తానొక్కటియే చేయు షాప్‌స్మిత్ అను యంత్రము 1947లో అంగళ్లకు వచ్చెను. పిమ్మట విద్య నేర్పువారును ఏర్పడిరి. 1975లో ఫైన్ వుడ్‌వర్కింగ్ అను పత్రిక ప్రారంభమై, అంతవఱకు గురువు ప్రక్కన నిలిచి నేర్వవలసిన రహస్యములను అచ్చులో నందఱికి చెప్పెను. 1989 మొదలు 2009 వఱకు నార్మ్ ఏబ్రమ్ అను వడ్రంగి టెలివిజనునందు వారము వారము ఒక వస్తువును చేసి చూపెను. పుస్తకము ఉలికి శత్రువు కాదు, ఉపాధ్యాయుడు అనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

ఇక వారి శనివారము ఎట్లు గడచునో చూతము. ఉదయమే లేచి, మోటారుబండిని వెలుపల ఎండలోనో మంచులోనో నిలిపి, కొట్టు ఖాళీ చేయుదురు. పిదప కలప అడితికి పోయి పలకలను ఏఱుదురు. పలక చివరను కంటియొద్ద బెట్టుకొని, తుపాకి గుఱి చూచినట్లు అంచు వెంబడి చూచినగాని వంకర తెలియదు. ముళ్లు ఎచ్చటనున్నవి, ఈనె ఏ వైపు పాఱినది, చేవ ఎంత, తెల్లచెక్క ఎంత యని పరీక్షించుటకే గంట పట్టును. తొందరపడి కొన్నవాడు ఆదివారము సాయంకాలమున చింతించును.

కలప చచ్చిన వస్తువు వలె కనబడునే కాని దాని కదలిక ఆగదు. పచ్చి మ్రానునందలి నీరు ఆఱునప్పుడు అది కుదించుకొనును. అంగుళము మందము గల పలక గాలి తగులునట్లు పేర్చినచో ఆఱుటకు ఏడాది పట్టునని ఆ దేశపువారి వాడుక లెక్క. ఆఱిన తరువాతను వానకాలపు చెమ్మకు ఉబ్బుచు, చలికాలపు పొడికి తఱుగుచు నుండును. ఆశ్చర్యమేమనగా, నిడివిలో ఈ మార్పు లేనట్లే, వెడల్పునందే యుండును. మూరెడు వెడల్పు గల బల్లపలక ఋతుభేదముచేత అంగుళములో ఎనిమిదవ వంతో నాలుగవ వంతో పెరిగి తఱుగవచ్చును. ఈ సంగతి నెఱుగక పలకను నలువైపుల మేకులతో బిగించినవాడు కొలది మాసములలో అది నడుమ పగులుట చూచును. అందుచేతనే తలుపు చేయు పనివాడు చుట్టును చట్టము బిగించి, నడిమి పలకను గాడిలో వదులుగా నిలుపును. కట్టివేయక నిలుపుట యెట్లో ఆ తలుపు నేర్పుచున్నది. బిడ్డలను పెంచువారును ఈ నీతిని గ్రహింపవచ్చును.

పలక దొరకిన పిమ్మట చిత్రిక పట్టుట. ముందు ఒక ముఖము చదును కావలెను. పిదప ఒక అంచు తిన్నన కావలెను. ఆ రెండును మూలమట్టమునకు సరిపడవలెను. ఈ మొదటి మూడు అడుగులు తప్పినచో తరువాతి పని యంతయు తప్పును. ఆపై అతుకులు. ఒక చెక్క చివరను సన్నని కుసిగా చెక్కి, మఱియొక చెక్కలో తొలిచిన బెజ్జమునందు దూర్చుట అన్ని దేశములందును గల పాత పద్ధతి. కుసి వదులైనచో కుర్చీ ఊగును. బిగువు హెచ్చినచో బెజ్జము చీలును. చేతితో నొక్కిన దూరి, తలక్రిందులుగా పట్టినను జాఱనిది సరియైన అతుకు. సొరుగుల మూలలందు విసనకఱ్ఱ వలె చివర వెడల్పైన పండ్లు కోసి ఒకదానిలో నొకటి కూర్తురు. దానికి ఆ దేశపువారు పావురపు తోక యని ముద్దుపేరు పెట్టిరి. జిగురు పూయుటకు ముందు అన్ని ముక్కలను ఒకసారి వట్టిగా కూర్చి చూచుట మంచి పనివాని గుఱుతు. చీకటి పడునప్పటికి జిగురు పూసి, పట్టుకఱ్ఱలు బిగించి, దీపమార్పి పోవుదురు.

ఆదివారమున జిగురు గీకుట, గరుకు కాగితముతో రుద్దుట, నూనె పట్టించుట. నూనె తగిలిన క్షణమున మ్రాని లోపలి ఈనెలు ఒక్కసారిగా వెలికి వచ్చును. రెండు దినముల శ్రమకును అదియే కూలి.

అయితే ఈ రెండు దినములును ముచ్చటైన బల్లలకే చెల్లునని తలంపరాదు. సగము కాలము ఇంటి పనులకే పోవును. చెమ్మకు ఉబ్బి మూతపడని తలుపు, కాలు వదులైన కుర్చీ, వంటయింట గృహిణి ఏడాదిగా అడుగుచున్న అలమర, పిల్లవాని విఱిగిన బొమ్మబండి — ఇవన్నియు వరుసలో నిలిచి యుండును. మిగిలిన సగములో మఱల సగము పని చేయు బల్లను చేయుటకును, పనిముట్ల పెట్టె చేయుటకును, ఉలులు సాన పట్టుటకును సరిపోవును. కొందఱు పనిముట్లు కొనుటయే పనిగా పెట్టుకొని, ఒక పీటయైన చేయక సంవత్సరములు గడుపుట కలదు. పెండ్లి చేయక పందిళ్లే వేయుచు కూర్చున్నట్లు వారి తంతు. స్త్రీలును ఈ పనియందు ప్రవేశించి పురుషులకు తీసిపోక రాణించుచున్నారు.

ఈ వినోదమున అపాయము లేకపోలేదు. బల్లకు బిగించి విద్యుత్తుతో త్రిప్పు గుండ్రని ఱంపమువలన ఆ దేశమున ఏటేట వేలమంది వ్రేళ్లకు గాయములగుచున్నవి. కొయ్యపొడి మనుష్యులకు పుట్టకురుపు కలిగింపగలదని 1995లో అంతర్జాతీయ సంస్థ యొకటి ప్రకటించెను. అందుచేత వివేకవంతులు ముక్కునకు గుడ్డ గట్టుకొని, పొడి పీల్చు యంత్రమును పెట్టుకొని పని చేయుదురు. ఱంపపు అపాయమునకు విరుగుడు కనుగొన్నవాడును ఒక తీరిక వడ్రంగియే యగుట విశేషము. స్టీఫెన్ గాస్ అనునాతడు భౌతికశాస్త్రమున పండితుడు, వృత్తిచే న్యాయవాది. 1999లో తన కొట్టునందలి ఱంపమును చూచుచు, దీనికి వ్రేలు తగిలిన తక్షణము ఆగునట్లు చేయజాలమా యని ఆలోచించెను. ఎండుకొయ్యకంటె మనుష్య దేహము విద్యుత్తును సులభముగా గ్రహించును. ఱంపపు బిళ్లకు స్వల్పమైన విద్యుత్తును పంపి, వ్రేలు తాకి ఆ విద్యుత్తు మాఱిన వెంటనే అల్యూమినియపు దిమ్మ యొకటి పండ్లలోనికి దూకి బిళ్లను ఆపునట్లు అతడు యుక్తి పన్నెను. సెకనులో రెండువందలవ వంతున బిళ్ల నిలిచిపోవును. మొదట మాంసపు ముక్కలతో పరీక్షించి, తుదకు తన సొంత వ్రేలినే త్రిప్పుచున్న ఱంపమునకు ఆనించి చూపెను. 2004 నుండి ఆ యంత్రములు విక్రయమునకు వచ్చెను. పుస్తకవిద్యయు చేతిపనియు ఒక్క మనుష్యునియందు కలిసినచో ఎన్ని చేతులు రక్షింపబడునో దీనివలన తెలియును.

ఈ తీరిక వడ్రంగులలో మిక్కిలి ప్రసిద్ధుడు జిమ్మీ కార్టర్. 1924లో జార్జియా రాష్ట్రమున ప్లెయిన్స్ అను చిన్న గ్రామమున కర్షక కుటుంబమున జన్మించెను. తండ్రి పొలమున కమ్మరి పనియు వడ్రంగి పనియు జరుగు కొట్టు నందు బాల్యముననే పనిముట్లు పట్ట నేర్చెను. నౌకాదళమున పని చేయునప్పుడును తీరిక వేళల ఇంటి సామాను చేసికొనెను. 1977లో అమెరికా అధ్యక్షుడయ్యెను. 1980 నవంబరు ఎన్నికలలో ఓడిపోయెను. 1981 జనవరిలో భార్య రోజలిన్‌తో స్వగ్రామమునకు తిరిగివచ్చునప్పటికి వయస్సు 56, పదవి లేదు, వేరుసెనగ వ్యాపారము పెద్ద ఋణమున మునిగియుండెను. వీడ్కోలు సమయమున మంత్రులును సిబ్బందియు చందాలు వేసికొని అతనికొక జీపుబండి కానుకీయదలచిరట. కొయ్యపనిపై నాతనికి గల మక్కువ నెఱిగి, తుదకు పనిముట్లనే యిచ్చిరి.

లోకమందలి మిక్కిలి బలమైన పదవినుండి దిగివచ్చిన మనుష్యుడు మొదట చేసిన పనులలో నొకటి, భార్యతో కలిసి తన యింటి అటకకు పలకలు పఱచుట. పిమ్మట బండి నిలుపు కొట్టును కార్యశాలగా మార్చుకొనెను. గ్రంథరచన చేయుచు, వ్రాతతో అలసినప్పుడు కొలది అడుగులు నడచి కొట్టులోనికి పోయి చిత్రిక పట్టెడివాడు. ఓటమి తెచ్చిన దుఃఖమునకు ఇట్టి ఔషధము దొరకుట సామాన్యము కాదు. సభలో అసత్యమును సత్యముగా పలికి నెగ్గువారు కలరు; కొయ్య మాత్రము ఎవనిని నమ్మదు. అధ్యక్షుడు కోసినను, అంగుళము తక్కువగా కోసిన పలక అంగుళము తక్కువయే. దానిని పొడుగు చేయుటకు శాసనము లేదు. సరిగా కోసినప్పుడు మాత్రము ఎవరి పొగడ్తయు అక్కఱలేకుండ అతుకు తానై కుదురును. మనస్సు కుదుటబడుట కిదియే మార్గము.

అతడు చేసిన మంచములు, కుర్చీలు, బీరువాలు నూటికి పైబడినవి. వానిని సొమ్ము చేసికొని తాననుభవింపలేదు. ఏటేట కొన్నింటిని వేలమున పెట్టి, వచ్చిన ద్రవ్యమును రోగనివారణము మున్నగు సత్కార్యములు చేయు కార్టర్ సెంటరునకు సమర్పించెను. తన గ్రామపు ప్రార్థనా మందిరమునకు కొయ్య శిలువయు, కానుకలు పట్టు పళ్లెములును తన చేతితో చేసి యిచ్చెను. పేదలతో కలిసి వారికి ఇండ్లు కట్టు హాబిటాట్ అను సంస్థ ఆ సమీపముననే 1976లో స్థాపింపబడెను. 1984 మొదలుకొని ఆ దంపతులు ఏటేట ఒక వారము సుత్తి పట్టి ఇండ్లు కట్టిరి. 2006లో మన దేశమునకే వచ్చి, మహారాష్ట్రమున లోనావాలా సమీపమున నూరు ఇండ్ల నిర్మాణమున పాల్గొనిరి. అప్పటికాతనికి 82 ఏండ్లు. ఆ వార్షిక నిర్మాణములలో అనేక దేశములందు లేచిన ఇండ్లు నాలుగు వేలకు పైబడినవి. రోజలిన్ 2023 నవంబరునందును, కార్టర్ నూరేండ్లు నిండిన పిదప 2024 డిసెంబరునందును పరలోకగతులైరి. మహాభారతమున మయుడు పదునాలుగు నెలలు శ్రమించి పాండవులకు సభ నిర్మించినది కూలికి కాదు. ప్రాణము కాపాడిన ఉపకారమునకు ప్రత్యుపకారముగా. కూలి కోరని పని కానుకయైనప్పుడు దాని శోభ వేఱు.

ఒంటరితనమును తొలగించుటయు ఈ పనికి గల గుణము. ఉద్యోగము విరమించిన పురుషులు ఇంట పనిలేక, వెలుపల తోడులేక క్రుంగిపోవుట కనిపెట్టి, ఆస్ట్రేలియా దేశమున 1990 తరువాత ఊరూర వారికొఱకు ఉమ్మడి కార్యశాలలు వెలసెను. 2007లో వానికొక జాతీయ సంఘము ఏర్పడెను. బ్రిటనునకును ఐర్లండునకును అవి వ్యాపించెను. ఎదురెదురుగా కూర్చుండి కష్టసుఖములు చెప్పుకొనజాలని ముసలివారు, ఒకే బల్లయొద్ద ప్రక్కప్రక్కన నిలిచి పలక చెక్కుచు మనసు విప్పి మాటలాడుదురని వారి అనుభవము. మన యూళ్లలో రచ్చబండ చేయు మేలును అచ్చట ఈ కొట్లు చేయుచున్నవి. చేతికి పనియు కల్పించుచున్నవి.

వీని యన్నిటికంటె విలువైన లాభము మఱియొకటి కలదు. నాలుగు వారముల సెలవులు ధారపోసి ఒక్క కుర్చీని చేసి, అదియు ఊగుట చూచినవాడు, ఆపై వడ్రంగి అడిగిన కూలికి బేరమాడడు. బండిచక్రమునకు ఆకులు కూర్చి, నాభియందు నిలిపి, ఇనుప పట్టా బిగించినను వట్రువ చెడకుండ చేయగల చేతిలో ఎంత గణితము కలదో అతనికి తెలిసివచ్చును. తీరికకు పని చేయువాడు వృత్తికి పని చేయువానిని గురువుగా గుర్తించుట ఈ వినోదమునకు పరమావధి. కాని గురువునకు తీరిక లేకుండుటయు, తగిన కూలి దొరకక అతని బిడ్డలు ఆ విద్యను విడచి పట్నములకు పోవుటయు కన్నులార చూచుచున్నదే. ఉలి పట్టు వేడుక ధనికునకు, ఉలి పట్టిన ఆకలి వడ్రంగికి మిగిలినచో ఆ వేడుకకు అర్థము లేదు.

సముద్రతీరమున శ్రీరాముడు దారి గానక నిలిచినప్పుడు, నలుడు సేనలోనే యుండెను. తండ్రియైన విశ్వకర్మ విద్య తనయందున్నను, ఎవరును అడుగనందున తానై చెప్పుకొనలేదని వాల్మీకి రామాయణమున కలదు. అడిగిన పిమ్మట సేతువు లేచెను. ప్రతి గ్రామమునను అడుగబడని నలులు కలరు. వారిని అడుగు స్థలము ఏది? గ్రంథాలయమే కావలెను.

అమెరికాలో బర్క్‌లీ అను పట్టణపు పౌరగ్రంథాలయము 1979లో పనిముట్లను ఎరువిచ్చు శాఖను తెఱచెను. పుస్తకమును తీసికొనిపోయినట్లే ఆ పట్టణవాసులు ఱంపమును, బరమాను, నిచ్చెనను వెల లేకుండ తీసికొనిపోయి, పని ముగించి, గడువులోపల తిరిగి యిత్తురు. ఆ శాఖ నేటికిని నడచుచున్నది. ఇరువదియైదేండ్లు పుస్తకములను ఇంటింటికి పంపిన గ్రంథాలయమునకు ఇది అసాధ్యము కాదు. ఒక బీరువా, ఒక బాడిస, రెండు ఉలులు, ఒక చేతిఱంపము, ఒక మూలమట్టము, ఒక సానరాయి చాలును. చిట్టా వ్రాయుటకు పుస్తకముల చిట్టాయే మార్గము చూపును. సెలవుదినమున గ్రామపు వడ్రంగిని పిలిచి, ఉపాధ్యాయునకిచ్చు కుర్చీనే ఆతనికి వేసి, ఉపాధ్యాయునకిచ్చు వేతనమునే ఆతనికిచ్చి, బడిపిల్లలను ఎదుట కూర్చుండబెట్టవలెను. పుస్తకమును చదువగల కన్నును, పలకను చదువగల చేయియు ఒక్క బిడ్డయందు కూడుటయే రజతోత్సవమునకు తగిన సంకల్పము. ఆ బీరువాకు కావలసిన పలకలను కోయుట రాబోవు ఆదివారముననే ప్రారంభమగుగాక!

స్వస్తి.